ఒకే యాసంగిలో మూడుసార్లు కాలిన మోటరు: విప్పే ముందు సమస్యను చదవడం నేర్పిన కేసు

ఈ కేసులో రెండు సమస్యలు కలిసి ఉన్నాయి. ఒకటి, ఒక రైతు బోరు మోటరు ఒకే యాసంగిలో మూడుసార్లు కాలిపోవడం. రెండోది, దాన్ని ప్రతిసారీ చక్కగా కట్టి ఇచ్చిన యువ మెకానిక్‌కు అది ఎందుకు కాలుతోందో అంతుపట్టకపోవడం. మోటరు సమస్య చివరికి ఒక జాయింటు దగ్గర తేలింది. మెకానిక్ సమస్య తేలడానికి ఎక్కువ కాలం పట్టింది. చేతిపని నేర్పేవాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది ఆ రెండోదే కాబట్టి దీన్ని రాసి పెడుతున్నాం. మనుషులను, ఊరిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

నేపథ్యం

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక మండల కేంద్రం. అక్కడి వైండింగ్ షాపులో పనిచేసే ఈ యువ మెకానిక్ ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు చేసినవాడు. చేతిపనిలో వంక పెట్టడానికి లేదు. 5 హెచ్‌పీ స్టేటర్‌ను శుభ్రంగా కడతాడు (స్టేటర్ అంటే మోటరులో తిరగని భాగం, దాని గాడుల్లో, అంటే స్లాట్లలో, వైరు చుడతారు), కేబుల్ జాయింటు నీళ్లలో ఏళ్ల తరబడి ఉన్నా తేమ పట్టకుండా చుడతాడు. మా దగ్గరికి శిక్షణకు పంపేటప్పుడు షాపు యజమాని చెప్పిన మాట ఇది: "పని మస్తు చేస్తడు సార్. గని కట్టిన మోటర్లే మళ్ల మళ్ల వాపసు వస్తున్నయ్."

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి ఇస్తున్నారు. అంతకుముందు వంతులవారీగా, చాలాచోట్ల రాత్రిపూట కొన్ని గంటలు వచ్చేది. ఇప్పుడు నీటి అవసరాన్ని బట్టి మోటరు గంటల తరబడి ఆగకుండా నడుస్తుంది. స్టార్టర్ బోర్డు దగ్గర వదులైన జాయింటు ఉంటే దానికి చల్లారే సమయం దొరకదు. ఈ కేసుకు ఈ విషయం అవసరమవుతుంది.

ఈ పనిలో తొందర ఎక్కడినుంచి వస్తుందో కూడా చెప్పాలి. మిరపతోట పూత, పిందె మీద ఉన్నప్పుడు మోటరు కాలితే రైతుకు కావాల్సింది నీళ్లు. "ఎందుకు కాలింది" అని అడిగేవాళ్లు తక్కువ, "ఎప్పటికల్ల అయితది" అని అడిగేవాళ్లే ఎక్కువ. మెకానిక్‌కు డబ్బు వచ్చేది కూడా వైండింగ్‌కే, ఆలోచించినందుకు కాదు. ఇలాంటి చోట సమస్యను అర్థం చేసుకోమని ఊరికే బోధిస్తే ఎవరి చెవికీ ఎక్కదు. ఆ అలవాటు పని వేగానికి అడ్డం రాకూడదు, పని వాపసు రాకుండా చూడాలి. శిక్షణకు మేం పెట్టుకున్న కొలబద్ద అదే.

సమస్య వచ్చిన తీరు

ఆరున్నర ఇంచుల బోరు. అందులో నీళ్లు నింపే రకం సబ్‌మెర్సిబుల్ మోటరు: 5 హెచ్‌పీ, త్రీఫేజ్, 415 వోల్టులు, లోపల స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల తీగల ఒక్కో కొసను ఒకేచోట కలిపేది), ప్లేటు మీద 8.5 ఆంపియర్లు. పైన డైరెక్ట్ స్టార్టర్ ఉన్న ప్యానెల్ బోర్డు, అందులో కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే, విడదీసే స్విచ్), ఓవర్‌లోడ్ రిలే (కరెంటు పరిమితి దాటితే మోటరును ఆపేది), అమ్మీటర్, వోల్ట్‌మీటర్. బోర్డుకు ముందు మూడు కిట్‌క్యాట్ ఫ్యూజులు (పింగాణీవి). ఒక ఫేజు పోతే మోటరును ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ లేదు.

రెండోసారి కాలినప్పుడు రైతు అన్న మాటలు: "మళ్ల కాలింది తమ్మీ. ఈసారన్న మంచి వైరు ఏసి కట్టు. తోట కాయ మీదున్నది, రెండు రోజులు నీళ్లు తప్పితే పూత రాల్తది."

ఈ మాటల్లో మోటరు గురించిన విషయం ఒక్కటే: అది తిరగడం లేదు. "కాలింది" అన్నది అప్పటికి ఊహ. "మంచి వైరు ఏసి కట్టు" అన్నది పరిష్కారం. మిగతాది గడువు. మెకానిక్ చేతికి సమస్య రాకముందే పరిష్కారం వచ్చేసింది, అతను దాన్నే పనిగా తీసుకున్నాడు. ఖరీదైన వైండింగ్ వైరు వేశాడు, పనిలో పనిగా కేబుల్ మార్చాడు. పైపులు గుంజే బండి కిరాయి, కూలి, వైండింగ్ కలిపి రైతుకు పది వేలు దాటింది. షాపుల్లో మామూలుగా చేసినట్టే పాత వైండింగ్‌ను కోసి తూకానికి వేశాడు. ఆ కోతతో అన్నిటికంటే విలువైన సాక్ష్యం పోయింది. కాలిన మోటరులో ఏ ఫేజు కాలింది, ఏది కాలలేదు, ఎక్కడ మొదలైంది అన్నది ఆ వైరు మీదే రాసి ఉంటుంది.

మొదట ప్రయత్నించినవి, అవి ఎందుకు సరిపోలేదు

రెండోసారి కట్టిన మోటరును బోరులో దించిన వారంలో అతను శిక్షణకు వచ్చాడు. ఆ మోటరునే అభ్యాసంగా తీసుకున్నాం. ఇలాంటి శిక్షణల్లో మామూలుగా ఇచ్చే పనిముట్లు రెండున్నాయి, చెక్‌లిస్టు, "ఐదు ఎందుకులు". రెండూ ఇచ్చి పొలానికి పంపాం.

చెక్‌లిస్టును అతను నిజాయితీగా నింపాడు. వోల్టేజీ దగ్గర మూడు ఫేజుల మధ్య 418, 415, 420 అని రాసి టిక్కు పెట్టాడు. ఎర్తింగ్, కేబుల్ ఇన్సులేషన్, కాంటాక్టర్ అన్నిటికీ టిక్కులే. ఆ అంకెలు నిజమైనవే. అయితే అవి మోటరు ఆపి ఉన్నప్పుడు కొలిచినవి. ఏం కొలవాలో చెక్‌లిస్టు చెప్పింది. ఏ స్థితిలో కొలవాలి, ఎందుకు కొలుస్తున్నాం, ఆ అంకె ఏ అనుమానాన్ని తీరుస్తుంది అన్నవి అందులో లేవు. అనుమానమే లేకుండా కొలిచిన అంకె ఏమీ చెప్పదు. ఇంకో లోటు, అది ఆ ఒక్క మోటరు గురించే అడిగింది. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తున్న పక్క పొలాల మోటర్ల సంగతి అందులో లేదు.

"ఐదు ఎందుకులు" టయోటా కర్మాగారాల నుంచి ప్రపంచమంతా తీసుకున్న పద్ధతి. అది మంచిదే. ఒక్కో మెట్టుకు సాక్ష్యం ఉంటేనే పనిచేస్తుంది. ఇతని కాగితం మీద వరుస ఇలా వచ్చింది: మోటరు ఎందుకు కాలింది? లో వోల్టేజీ. ఎందుకు? ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటర్లు ఎక్కువ. ఎందుకు? అందరూ ఒకే సమయంలో నడుపుతారు. ఎందుకు? పొద్దున్నే కైకిలి వాళ్లు వచ్చేలోపు నీళ్లు పెట్టుకోవాలి. వినడానికి ప్రతి మాటా నిజంలాగే ఉంది, ఒక్కదాన్నీ కొలవలేదు. పైగా మొదటి జవాబే తప్పయితే మిగతావన్నీ దాని వెంటే పోతాయి. పక్కకు చూసే అవకాశం ఈ పద్ధతిలో లేదు. ఈ వరుసను నమ్మి, వోల్టేజీ పెంచడానికని కెపాసిటర్ బిగించి వచ్చాడు. కొద్ది రోజుల్లోనే మోటరు మూడోసారి కాలింది.

తెలివి తక్కువ కావడం వల్ల ఇలా జరగలేదు. వందల మోటర్లు చూసిన చేతికి మొదటి ఊహ క్షణంలో వస్తుంది, చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది. ఆ ఊహ రావడాన్ని ఆపలేం, ఆపకూడదు కూడా. ఊహను ఊహగా పక్కన రాసిపెట్టి, దానికి పోటీగా ఇంకో రెండు నిలబెట్టడం మాత్రం నేర్పవచ్చు. శిక్షణ దిశను అక్కడ మార్చాం.

పనిచేసిన అభ్యాసాలు

మొదటిది, కారణం చెప్పకుండా వర్ణించడం. షాపుల నుంచి కాలిన స్టేటర్లు కొన్ని, వైరు కోయకముందే తెచ్చి బల్ల మీద పెట్టాం. పావుగంటలో చూసింది రాయాలి. "కాలింది", "ఓవర్‌లోడ్", "షార్ట్" అనే మాటలు వాడకూడదు. ఇతను మొదట రాసింది ఒక్క వాక్యం: "ఓవర్‌లోడ్ అయి కాలింది." దాన్ని కొట్టేసి మళ్లీ రాయమన్నాం. మూడో ప్రయత్నంలో వచ్చింది ఇది: "మొత్తం 24 స్లాట్లు. 16 స్లాట్లలో వైరు పైపొర మెత్తబడి గోధుమరంగు తిరిగింది. ఎదురెదురుగా ఉన్న నాలుగు, నాలుగు స్లాట్లలో వైరు పాత రంగులోనే ఉంది. స్లాటు నోటి దగ్గర బాడీకి అంటుకున్న మచ్చ లేదు."

ఈ వర్ణనలోనే జవాబులో సగం ఉంది. రెండు పోళ్ల (అయస్కాంత ధ్రువాల), 24 స్లాట్ల స్టేటర్‌లో ఒక్కో ఫేజుకు ఎనిమిది స్లాట్లు వస్తాయి, నాలుగు ఒకవైపు, నాలుగు దానికి ఎదురుగా. అంటే రెండు ఫేజులు కాలాయి, ఒకటి కాలలేదు. స్టార్ మోటరులో ఒక ఫేజు సప్లై పోతే మిగతా రెండు వరుసలో చేరి భారమంతా మోస్తాయి, ఆ రెండే కాలతాయి. డెల్టా (మూడు ఫేజులను త్రికోణంలా కలిపేది) అయితే ఇది తిరగబడుతుంది, ఒక ఫేజు కాలి రెండు మిగులుతాయి. నిజంగా ఓవర్‌లోడ్ అయితే మూడూ ఒకే తీరుగా నల్లబడతాయి. నీళ్లు లోపలికి దిగి ఇన్సులేషన్ పోతే ఒక చోట బాడీకి తగిలిన మచ్చ కనబడుతుంది. పావుగంట ఓపికగా చూస్తే నాలుగు దారుల్లో మూడు మూసుకుపోతాయి.

రెండోది, జేబులో పట్టే కార్డు. నాలుగు గడులు. మొదటి గడిలో రైతు చెప్పింది మాటకు మాట. రెండో గడిలో మెకానిక్ స్వయంగా చూసింది, కొలిచింది. మూడో గడిలో కనీసం మూడు కారణాలు, ఒక్కోదానికి ఎదురుగా "ఇదే అయితే ఇంకేం కనబడాలె, ఏం కనబడొద్దు". నాలుగో గడిలో ఏ కారణంతోనూ పొసగని విషయాలు. మూడో గడిలో మూడు కారణాలు నిండేదాకా పానా ముట్టుకోకూడదు. ఈ నియమాన్ని కచ్చితంగా పాటింపజేశాం, ఎందుకంటే రెండు కారణాలైతే మనసు వెంటనే ఒకదాని పక్షం చేరిపోతుంది. మూడోదాని కోసం మాత్రం కళ్లు తెరిచి చుట్టూ చూడాల్సి వస్తుంది.

మూడోది, మీటరు పెట్టే ముందు అంకె రాయడం. శిక్షణ బోర్డు మీద 1 హెచ్‌పీ మోటరు పెట్టి, దాని దారిలో ఆరు చోట్ల ఎక్కడైనా దోషం దాచే ఏర్పాటు చేశాం. ఒకచోట నిక్రోమ్ తీగ ముక్క, ఇంకోచోట అరిగిన కాంటాక్టు, మరోచోట వదులుగా బిగించిన స్క్రూ. మొదటి పది నిమిషాలు చూడటం, వినడం, అడగడం మాత్రమే. తర్వాత కూడా మీటరు పెట్టే ప్రతి చోటా ముందు ఎంత రావాలో కాగితం మీద రాయాలి. రాసిన అంకె, వచ్చిన అంకె ఒకటైతే ముందుకు పోవాలి. తేడా వస్తే ఆగాలి, కొత్త విషయం తెలిసేది ఆ తేడా దగ్గరే. ముందు అంకె రాయకుండా కొలిచేవాళ్లకు 398 వచ్చినా 412 వచ్చినా "బాగనే ఉంది" అనిపిస్తుంది.

ఈ మూడింటిలో అందరికీ కష్టమైంది మూడోదే. ఊహించిన అంకె తప్పయితే నలుగురిలో చిన్నతనం అనుకుంటారు. అందుకని మొదటి వారం తప్పిన అంకెలనే బోర్డు మీద రాసి చర్చించాం, సరిపోయినవాటిని వదిలేశాం. తప్పడం మామూలు సంగతి అయ్యాక చేతులు సాఫీగా కదిలాయి.

మూడోసారి పొలం దగ్గర

ఈసారి స్టేటర్ కోయకముందే చూశాడు. బల్ల మీద చూసిన తీరే, రెండు ఫేజులు కాలి ఒకటి శుభ్రం. రెండోసారి కాలినప్పుడు కూడా ఇలాగే ఉందా? ఆ వైరు తూకానికి పోయింది. అయితే వైండింగ్ చార్జీకి ఒప్పించడానికి రైతుకు వాట్సాప్‌లో పంపిన ఫోటో ఒకటి ఫోన్‌లో మిగిలింది. అందులోనూ ఒక పట్టీ శుభ్రంగా ఉంది. రెండుసార్లు ఒకే తీరు అంటే వైరు నాణ్యత మీద అనుమానం బాగా తగ్గినట్టే. నాసి వైరు అయితే ఎక్కడ పడితే అక్కడ పోతుంది, లెక్కగా రెండు ఫేజులనే ఎంచుకోదు.

తర్వాత అడగడం. రైతును "ఎట్ల కాలింది కాకా" అంటే "ఏమో తమ్మీ, కాలింది" అనే జవాబే వస్తుంది. అందుకని మెకానిక్‌కు నాలుగు ప్రశ్నలు ఇచ్చి పంపాం: చివరిసారి ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది ఎప్పుడు? ఆ తర్వాత ఏం మారింది? బోర్డును ఎవరెవరు ముట్టిన్రు? కాలినప్పుడు దగ్గర ఎవరున్నరు?

చివరి ప్రశ్నతో అసలు సాక్షి దొరికింది. మూడుసార్లూ మోటరు దగ్గరున్నది రైతు భార్య. ఆమెను అంతవరకు ఎవరూ అడగలేదు. "సప్పుడు మారుతది బిడ్డా, గూ అని మొత్తుకుంటది, పోత సగమైతది. నేను ఉరికొచ్చి బందు పెట్టేలోపు ఆగిపోతది. బోర్డు కాడ కాలిన వాసన శాన రోజుల సంది వస్తున్నది" అని చెప్పింది. తిరుగుతున్న మోటరులో ఒక ఫేజు పోతే వచ్చే శబ్దం సరిగ్గా అదే. ఇంకో విషయం, మూడుసార్లూ అది కాలింది చాలాసేపు నడిచాకే, స్టార్ట్ చేసేటప్పుడు కాదు.

"బోర్డును ఎవరు ముట్టిన్రు" అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు ఇంకా ముఖ్యమైనది. మొదటిసారి కాలడానికి ముందు మోటరు దానంతట అదే ఆగిపోయేది, బటన్ నొక్కితే మళ్లీ నడిచేది. విసుగొచ్చి వేరే మెకానిక్‌ను పిలిస్తే అతను "రిలే ఖరాబైంది" అని 6–10 ఆంపియర్ల రిలే తీసి 9–14 ది పెట్టి, ముల్లును 14కు తిప్పాడు. ఆగడం పోయింది. ఆ తర్వాతే మోటరు కాలింది. రిలే చెడిపోలేదు, తన పని తాను చేస్తోంది. అది ట్రిప్ కావడాన్నే సమస్య అనుకుని తీసేశారు.

ఇక్కడ లెక్క చూడాలి. ఈ మోటరు బోరులో మామూలుగా తీసుకునేది సుమారు 7.9 ఆంపియర్లు. ఒక ఫేజు పోతే మిగతా రెండింటిలో అది దాదాపు 1.73 రెట్లు, అంటే 13.7 అవుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ రెండు ఫేజుల్లో మూడింతల వేడి. రిలే ముల్లు 14 దగ్గర ఉంది, 13.7కు అది కదలదు. ఫ్యూజు తీగ స్టార్టింగ్ కరెంటును తట్టుకోవాలి కనుక ఇంకా లావుగా ఉంటుంది, అదీ తెగదు. మోటరును ఆపే దిక్కు లేదు.

అతని కార్డు మూడో గడిలో ఇప్పుడు ఉన్నవి ఇవి. ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఒక ఫేజు పోతుండటం: ఇదే అయితే పక్క మోటర్లకూ ఇబ్బంది రావాలి, అడిగితే ఒక్కటీ కాలలేదు. బోరులో నీళ్లు తగ్గి ఉత్తగా తిరగడం: ఇదే అయితే అమ్మీటరు పడిపోవాలి, థ్రస్ట్ బేరింగ్ (పంపు కిందికి తోసే బరువును మోసేది) అరగాలి, ఒక ఫేజు శుభ్రంగా మిగలడానికి కారణం ఉండదు, విప్పి చూస్తే బేరింగ్ బాగుంది. రైతు బోర్డు దగ్గరే ఒక ఫేజు దారి వేడెక్కి విడిపోతుండటం: ఇదే అయితే వాసన రావాలి, ఆపి కొలిస్తే అన్నీ సరిగా ఉండాలి, నడుస్తున్నప్పుడు ఒక చోట వోల్టేజీ పడిపోవాలి, ఎంతసేపు నడిస్తే అంత ఎక్కువ పడాలి. మొదటిసారి రాసిన 418, 415, 420 అంకెలు ఈ మూడో కారణంతో చక్కగా పొసుగుతాయి. కరెంటు పారనప్పుడు చెడ్డ జాయింటు మీద కూడా వోల్టేజీ పడదు.

ఒక నిర్ణయం మిగిలింది. దోషం దొరికేదాకా మోటరు దించకుండా ఆపాలా? ఆపితే తోట దెబ్బతింటుంది. పైగా లోడు లేకుండా ఈ అనుమానాన్ని తేల్చలేం. అందుకని కట్టిన మోటరును దించారు. ముందుగా 6–10 రిలే తిరిగి పెట్టి 8.5కు తిప్పారు, కొలతలు అయ్యేదాకా ఒక మనిషి బటన్ దగ్గర నిలబడాలని అనుకున్నారు. అన్నిటికంటే ముందు ఆపద తప్పించే ఏర్పాటు, తర్వాతే పరిశోధన.

మీటరు పెట్టే ముందు రాసిన అంకె: "ఏదో ఒక ఫ్యూజు రెండు కొసల మధ్య 5 వోల్టులు దాటాలె, మిగతా రెండింటిలో సున్నకు దగ్గర." మోటరు మొదలవగానే మధ్య ఫేజు ఫ్యూజు దగ్గర 6 వోల్టులు వచ్చింది, మిగతా రెండింట్లో 0.2 లోపు. ఇరవై నిమిషాల తర్వాత అదే చోట 14 దాటింది. అప్పుడు ఫేజుల మధ్య 398, 397, 410. కరెంటు 8.4, 6.8, 8.7. సగటు వోల్టేజీ నుంచి తేడా 2 శాతమే, కరెంటులో తేడా మాత్రం 15 శాతానికి దగ్గర. త్రీఫేజ్ మోటర్ల తీరే అది, వోల్టేజీలో చిన్న తేడా కరెంటులో ఎన్నో రెట్లు పెద్దదై కనబడుతుంది. 14 వోల్టులు, 6.8 ఆంపియర్లు అంటే వంద వాట్లకు దగ్గర. ఆ చిన్న స్క్రూ దగ్గర ఒక వంద వాట్ల బల్బు గంటల తరబడి వెలుగుతున్నట్టే.

మెయిన్ స్విచ్ ఆపి, మూడు ఫేజులూ చచ్చాయని టెస్టర్‌తో చూసి ఫ్యూజు విప్పారు. సర్వీసు వైరు అల్యూమినియం, బిగించింది ఇత్తడి స్క్రూ కింద. అల్యూమినియం ఒత్తిడికి మెల్లగా జారుతుంది, వేడికి ఉబ్బి చల్లారితే స్క్రూ వదులవుతుంది. పైన ఏర్పడే ఆక్సైడ్ పొర కరెంటును పోనివ్వదు. వైరు కొస నల్లబడి, పింగాణీ పగిలి ఉంది. బాగా వేడెక్కినప్పుడు అక్కడ దారి పూర్తిగా విడిపోయేది, చల్లారితే మళ్లీ తగిలేది. ఆపి చూసిన ప్రతిసారీ "కరెంటు బాగనే ఉంది" అనిపించడానికి కారణం అదే.

బాగుచేయడం ఎక్కువసేపు పట్టలేదు. చెడిన కొస మంచి లోహం కనబడేదాకా కోసి, గీకి, ఆక్సైడ్‌ను ఆపే పేస్టు పూసి బైమెటల్ లగ్గు (రెండు వేర్వేరు లోహాలను కలపడానికి వాడే కొస) నొక్కి బిగించారు. మూడు ఫ్యూజులనూ 32 ఆంపియర్లవి కొత్తవి వేశారు, ఎందుకంటే మిగతా రెండూ అదే వయసువి. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టారు. వోల్టేజీని చూసేది కాకుండా కరెంటును చూసే రకం ఎంచుకున్నారు. తిరుగుతున్న మోటరు పోయిన ఫేజులో కూడా కొంత వోల్టేజీ పుట్టిస్తుంది, దాన్ని చూసి వోల్టేజీ రకం మోసపోయే అవకాశం ఉంది. ఆ తర్వాత నడిపించి కొలిస్తే 412, 410, 413 వోల్టులు, 7.9, 7.8, 8.0 ఆంపియర్లు. ఫ్యూజు కొసల మధ్య 0.1 లోపే. ఆ యాసంగి చివరిదాకా మోటరు మళ్లీ పైకి రాలేదు.

కరెంటు పారుతుండగా ఫ్యూజు కొసల మధ్య కొలవడం ప్రమాదకరమైన పని. పూర్తిగా కప్పు ఉన్న ప్రోబులు, 600 వోల్టులకు తగిన మీటరు, రబ్బరు చాప, ఆరిన కాళ్లు, పక్కన ఇంకో మనిషి లేకుండా ఎవరూ చేయొద్దు. తడి పొలంలో ఒంటరిగా అసలే వద్దు.

నేర్చుకున్నది నిలిచిందా

ఇది తేలాల్సింది వేరే రకం సమస్య మీద. కొన్ని వారాల తర్వాత ఇతనికి ఇంకో పిలుపు వచ్చింది: "నీళ్లు తగ్గినయ్ అన్నా, కొత్త మోటరు కావాలె." ఇందులోనూ పరిష్కారమే ముందు వచ్చింది. కార్డు మీద మూడు రాశాడు. బోరులో నీటిమట్టం పడిపోతే మొదట నిండుగా పోసి తర్వాత తగ్గాలి. పంపు ఇంపెల్లర్లు (నీళ్లను తోసే చక్రాలు) అరిగితే మొదటినుంచే తక్కువ పోయాలి, కరెంటు కూడా తగ్గాలి. పైపుకు రంధ్రం పడితే మొదటినుంచే తక్కువ పోయాలి, కరెంటు తగ్గకూడదు, కేసింగ్ దగ్గర చెవి పెడితే లోపల నీళ్లు కొట్టుకునే శబ్దం రావాలి. చూస్తే మొదటినుంచే తక్కువ, అమ్మీటరు ఎప్పటిలాగే, లోపల శబ్దం. పైపులు గుంజితే ఒక కప్లింగ్ దగ్గర రంధ్రం. కొత్త మోటరు ఖర్చు తప్పింది.

అయితే ప్రతిచోటా ఇలా చేయడం లేదు. తనకంటే పెద్ద మెకానిక్ పక్కనుంటే కార్డు జేబులోంచి తీయడు. "ఇన్నేండ్ల సంది చూస్తున్న, నాకు తెల్వదా" అనే మాట ముందు మూడు కారణాలు రాయడం అమర్యాద అనిపిస్తుంది. అలాంటప్పుడు కార్డు తీయకుండానే "అన్నా, ఇదే అయితే ఇంకేం కనబడాలె?" అని అడగమన్నాం. పెద్దవాళ్లకు ఈ ప్రశ్న తప్పుగా తోచదు, వాళ్ల అనుభవాన్ని గౌరవంగా బయటికి రప్పిస్తుంది. చాలాసార్లు కార్డులో లేని నాలుగో కారణం వాళ్ల నోటి నుంచే వస్తుంది.

షాపులో రెండు పద్ధతులు మారాయి, ఈ కేసులో ఎక్కువకాలం పనికొచ్చేవి ఇవే అని మా అంచనా. ఒకటి, కాలిన వైండింగ్‌ను కోసే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి, ఫేజుల వారీగా సుద్దతో గుర్తు పెట్టి, మోటరు వాపసు దించి ఒక నెల దాటేదాకా ఆ వైరును తూకానికి వేయరు. రెండోది డబ్బు సంగతి. చూసినందుకు ఎవరూ డబ్బు ఇవ్వకపోతే ఎవరూ చూడరు. యజమానితో మాట్లాడి చెకింగ్ చార్జీ 300 రూపాయలు పెట్టించాం. అదే షాపులో వైండింగ్ చేయిస్తే ఆ మొత్తం బిల్లులో తగ్గిస్తారు. మొదట్లో రైతులు గొణిగారు. ఇప్పుడు బిల్లుతో పాటు నింపిన కార్డు కూడా ఇస్తున్నారు. రైతు దాన్ని బోర్డు తలుపు లోపలి వైపు అతికిస్తే, తర్వాత వచ్చే మెకానిక్ ఎవరైనా రిలే ఎంత దగ్గర పెట్టి ఉంది, నడుస్తున్నప్పుడు కరెంటు ఎంత, బోర్డులో ఎప్పుడు ఏం మార్చారు అన్నది విప్పకముందే చదువుకుంటాడు.